పంచుకొన్న పని, చెరగని పేరు

మన ప్రాచీన కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివరా కవి ఒక గద్యం వ్రాసి పెట్టేవాడు. తాను ఎవరి కుమారుడో, ఎవరి శిష్యుడో, కావ్యం పేరేమిటో, అది ఎన్నో ఆశ్వాసమో అందులో చెప్పుకొనేవాడు. అచ్చుయంత్రం లేని రోజులవి. తాటాకుల గ్రంథాన్ని ఎవరైనా ఎరువు తెచ్చుకొని, ఘంటం పట్టి నకలు వ్రాసుకోవచ్చు. నకలు వ్రాయటం తప్పు కాదు సరికదా, పుణ్యకార్యమని కూడా భావించేవారు. ఆకులు విడిపోయినా, గ్రంథం ఊళ్లు తిరిగి చేతులు మారినా, ఏ ఆశ్వాసానికి ఆ ఆశ్వాసం తన కర్త పేరును తనతోనే మోసుకుపోయేది. పని అందరిదీ కావచ్చు, పేరు మాత్రం చేసినవానిదే అన్న నియమం ఆ నాలుగు పంక్తులలో ఇమిడి ఉన్నది.

ఇంత పాత సంగతి ఈ సంచికలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. కువైట్‌లో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు కడపలో ఉన్న అమ్మమ్మకో, అమలాపురంలో ఉన్న తాతయ్యకో ఫోనులో తెలుగున నాలుగు ముక్కలు వ్రాయగలుగుతున్నారు. ఆ అక్షరాలను కంప్యూటరులోకి తెచ్చినవారిలో చాలామంది మనవలెనే ప్రవాసులు. వారు తమ పనిని ఉచితంగా పంచిపెట్టారు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చునన్నారు, మార్చుకోవచ్చునన్నారు. అటువంటి చోట చౌర్యమంటే ఏమిటి? కాపీ చేయటమే తప్పు కానప్పుడు తప్పేది? ఓపెన్ సోర్స్ అనబడే సాఫ్ట్‌వేరు లోకాన్ని నలభై ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్న ఇది. జవాబు వెదికేవారికి మన సాహిత్యమూ, మనకు నీడనిచ్చిన ఈ కువైట్ నేలా రెండూ కొంత దారి చూపగలవు.

మూడు చేతులు, ఒకే భారతం

ఆంధ్ర మహాభారతాన్ని 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరాన నన్నయ ప్రారంభించాడు. అరణ్యపర్వం సగంలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా పూర్తిచేశాడు. నడుమ మిగిలిన ఖాళీని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఒకే గ్రంథాన్ని ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు మూడు వందల సంవత్సరాల వ్యవధిలో నడిపారు. నేటి భాషలో చెప్పాలంటే వారు ఒకే ప్యాకేజీకి వరుసగా వచ్చిన ముగ్గురు నిర్వాహకులు.

ఇందులో ఎఱ్ఱన ప్రవర్తన విశేషమైనది. తాను పూరించిన అరణ్యపర్వ శేషాన్ని తన ప్రభువుకు అంకితమివ్వలేదు. నన్నయ ఏ రాజరాజనరేంద్రునికి అంకితమిచ్చాడో ఆయనకే ఇచ్చాడు. మొదలుపెట్టినవాని గౌరవాన్ని అంతగా కాపాడినందువల్ల ఎఱ్ఱన పేరు మాసిపోలేదు. కవిత్రయమని మనం చెప్పుకొనే ముగ్గురిలో ఆయన ఒకడు.

భాగవతం సంగతీ అటువంటిదే. పోతన గ్రంథంలో లుప్తమైన భాగాలను ఇతరులు పూరించారు. పంచమ స్కంధం గంగనది, షష్ఠ స్కంధం సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. ప్రజలు యావత్తు గ్రంథాన్నీ పోతన భాగవతమనే పిలుస్తారు. అయినా ఆయా స్కంధాల చివరి గద్యాలు చూస్తే ఎవరి పేరు వారికే ఉంటుంది. పెద్దపేరు కింద చిన్నపేర్లు నలిగిపోకుండా కాపాడింది ఆ గద్యాలే.

అనుకరణ కూడా మనకు కొత్త కాదు. రామరాజభూషణుని వసుచరిత్రను చూసి తరువాతి కవులు వ్రాసిన కావ్యాలకు మనవారు పిల్ల వసుచరిత్రలని పేరుపెట్టారు. ఆ మాటలో కొంత ఎకసెక్కెమున్నా, తల్లి ఎవరో మాత్రం అందులోనే తెలుస్తుంది. కావ్యావతారికలలో పూర్వకవి స్తుతి ఒకవంకా, కుకవినింద మరొకవంకా ఉండటం అందరికీ తెలిసినదే. ముందు నడచినవారికి నమస్కారం, పోటీదారులకు చురక. ఈ రెండూ నేటి ప్రోగ్రాము రచయితల లోకంలోనూ అచ్చంగా అలాగే ఉన్నాయి.

కువైట్‌లో పుట్టిన అరబ్బీ కంప్యూటరు

ఇంగ్లీషు కోసం తయారైన యంత్రానికి కుడినుంచి ఎడమకు నడిచే అరబ్బీ లిపిని నేర్పటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అక్షరం పదంలో నిలిచిన చోటునుబట్టి దాని రూపం మారుతుంది. ఆ పనికి పెద్ద ఎత్తున పూనుకొన్న సంస్థ ఈ కువైట్‌లోనే పుట్టింది. 1982లో కువైటీయుడు మొహమ్మద్ అల్ షారెఖ్ అల్ ఆలమియా అనే సంస్థను స్థాపించాడు. అదే సఖ్ర్ పేరుతో అరబ్బు దేశాలన్నిటా ఇంటింటికీ తెలిసింది. 1983లో ప్రకటితమైన ఎమ్మెస్సెక్స్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని అనుసరించి జపాను కంపెనీలు తయారుచేసిన యంత్రాలకు వారు అరబ్బీ నేర్పారు. ఆ దశకంలో బడికి వెళ్లిన అరబ్బు పిల్లలలో ఎందరికో మొదటి కంప్యూటరు సఖ్రే.

సఖ్ర్ అంటే షారెఖ్ పేరు ముందుగా వినిపిస్తుంది. అయితే అరబ్బీ వ్యాకరణాన్నీ, పదనిర్మాణాన్నీ యంత్రానికి బోధించిన పరిశోధనలో ముఖ్యుడు ఈజిప్టు దేశీయుడైన డాక్టర్ నబీల్ అలీ. ఒకరు పెట్టుబడితో, పట్టుదలతో సంస్థను నిలబెట్టారు, మరొకరు శాస్త్రాన్ని సమకూర్చారు. అరబ్బు లోకం ఇద్దరినీ విడివిడిగా గుర్తించింది. నబీల్ అలీకి 2012లోనూ, షారెఖ్‌కు 2021లోనూ కింగ్ ఫైసల్ బహుమతి లభించింది. 1990 ఆగస్టు 2న ఇరాకు దురాక్రమణ జరిగిన తరువాత సంస్థ కేంద్రం కైరోకు తరలిపోయింది. షారెఖ్ తరువాతి కాలంలో పాత అరబ్బీ సాహిత్య పత్రికల పుటలను లక్షల సంఖ్యలో కంప్యూటరుకు ఎక్కించి, ఎవరైనా ఉచితంగా చదువుకొనేలా ఏర్పాటు చేశాడు. 2024 మార్చిలో ఆయన మరణించాడు.

అరబ్బులకు మరొక గొప్ప అలవాటు ఉన్నది. హదీసును ఉటంకించేటప్పుడు ఫలానావారు ఫలానావారినుంచి విన్నారని, మూలందాకా పేర్ల గొలుసును చెబుతారు. దానికి ఇస్నాద్ అని పేరు. గొలుసులో ఒక్క లంకె తెగినా పండితులు ఆ మాటను అనుమానిస్తారు. మన ఆశ్వాసాంత గద్యానికి ఇది దగ్గర బంధువు.

తెలుగు అక్షరాల దారి

అరబ్బీకి ఒక సంస్థ పూనుకొన్నది. తెలుగుకు చాలా భాగం విడివిడి వ్యక్తులే పూనుకొన్నారు, అదీ ఉద్యోగం ముగించుకొని వచ్చిన తరువాత, తీరిక వేళలలో. 1978లో అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ నూత్ టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామును లోకానికి ఉచితంగా ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు. మార్చుకోవాలంటే మార్చుకోండి గాని, మార్చినదాన్ని టెక్ అని పిలవవద్దన్నాడు. ఆ పునాదిమీదనే 1990ల మొదట్లో అమెరికాలో ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ తెలుగు టెక్ అక్షరాలను రూపొందించారు.

ఆ రోజులలోనే హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే పద్ధతి ఒకటి ఏర్పరచారు. ఆర్టీయెస్ అన్నది దాని పేరు. చిన్నబడి టీ అక్షరం కొడితే త, పెద్దబడి టీ కొడితే ట. చూడటానికి ఎంత చిన్న ఏర్పాటో! కానీ ప్రవాసాంధ్రులు ఒకరికొకరు పద్యాలూ, కథలూ పంపుకోవటానికి అది రాజమార్గమైంది.

1991లో యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా మామూలు కంప్యూటర్లలో అది కనిపించటానికి మరో పదేళ్లు పట్టింది. ఈ నడుమ ఒక్కొక్క ఫాంటుకూ ఒక్కొక్క సంకేతాల పట్టిక ఉండేది. ఒకరు పంపిన ఉత్తరం ఇంకొకరి యంత్రంలో పిచ్చిగీతలుగా కనిపించేది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లు తయారుచేసి, అందరికీ అందుబాటులో ఉండే లైసెన్సుతో విడుదల చేశారు. వెన్న నాగార్జున పద్మ అనే ప్రోగ్రామును వ్రాశారు. పాత ఫాంట్ల వ్రాతను అది యూనికోడ్‌లోకి మార్చేది. ఆర్టీయెస్ పద్ధతిలో కొట్టినదాన్నీ తెలుగు చేసేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. ఆ పద్మ ఆధారంగానే 2006లో వీవెన్ లేఖిని అనే సాధనాన్ని అందించారు. తెలుగు బ్లాగులు వ్రాసిన తరం యావత్తూ దానితోనే అక్షరాభ్యాసం చేసింది.

ఇక్కడ గమనించవలసినది వరుస. రైస్ విశ్వవిద్యాలయపు పద్ధతిని పద్మ తీసుకొన్నది, పద్మను లేఖిని తీసుకొన్నది. తీసుకొన్నవారు ఎవరినుంచి తీసుకొన్నారో చెప్పారు. కాబట్టే ఇంతకాలం తరువాత కూడా మనం ఆ గొలుసును లంకె లంకెగా చెప్పుకోగలుగుతున్నాము. చెప్పకపోయి ఉంటే లేఖిని ఒక్కటే మిగిలేది, వెనుకటివారు మరుగున పడిపోయేవారు.

వండినవారు, వడ్డించినవారు

ప్యాకేజీ, నిర్వాహకుడు అనే మాటలను కొంచెం వివరించాలి. ఒకరు ప్రోగ్రాము వ్రాస్తారు. దాన్ని లక్షల యంత్రాలకు చేర్చటానికి వేరొకరు మూట కట్టి, చిరునామా వ్రాసి, లోపాలు కనబడితే సరిదిద్ది, కొత్త ప్రతులు వచ్చినప్పుడల్లా మారుస్తూ ఉంటారు. ఆ మూట ప్యాకేజీ, ఆ మనిషి నిర్వాహకుడు. మన భాషలో ఒకరు వండినవారు, ఇంకొకరు వడ్డించినవారు. భోజనానికి ఇద్దరూ అవసరమే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా! అలాగని వండినవాని పేరు వడ్డించేవాడు చెప్పుకోరాదు.

1993లో మొదలైన డెబియన్ అనే ఉచిత వ్యవస్థలో దీనికి చక్కని కట్టుబాటు చేశారు. ప్రతి ప్యాకేజీలోనూ మూలకర్తల పేర్లూ, లైసెన్సూ వ్రాసిన ఒక పత్రం ఉండి తీరాలి. ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చెప్పే మరొక పత్రం ఉండాలి. నిర్వాహకుని పేరు వేరే చోట ఉంటుంది. పోతన, వేమన ఫాంట్లు కూడా ఈ పద్ధతిలోనే అక్కడ చేరాయి.

2007లో సిల్ అనే సంస్థ ఫాంట్ల కోసం సిద్ధపరచిన ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 ఈ కట్టుబాటును మరింత స్పష్టం చేసింది. ఫాంటును ఉచితంగా వాడవచ్చు, మార్చవచ్చు. కర్తృత్వ ప్రకటనను తీసివేయరాదు. కర్త కోరితే, మార్చిన ఫాంటుకు పాత పేరు పెట్టరాదు. సిలికానాంధ్ర ద్వారా వెలువడిన మండలి, గురజాడ, సూరన్న మొదలైన తెలుగు ఫాంట్లు ఈ లైసెన్సుతోనే వచ్చాయి. వాటిలోని తెలుగు అక్షరాలను రూపొందించిన గుత్తుల పురుషోత్త్ కుమార్ పేరూ, ఇంగ్లీషు అక్షరాలను గీసిన విదేశీ కళాకారుల పేర్లూ వేర్వేరుగా పేర్కొనబడ్డాయి.

మూడు తగాదాలు

అన్నిచోట్లా ఇంత సామరస్యం లేదు. మూడు ఉదంతాలు చెబుతాను.

మొదటిది 2007 నాటిది. వైర్‌లెస్ పరికరం ఒకదానిని నడిపించే ప్రోగ్రామును ఓపెన్‌బీఎస్‌డీ అనే వ్యవస్థ కోసం రైక్ ఫ్లోటర్ వ్రాశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, పేరూ షరతులూ ఉన్న నోటీసును మాత్రం ఉంచాలి, అన్నది అతని లైసెన్సు. లినక్స్ కోసం దాన్ని తీసుకొన్నప్పుడు, వచ్చిన ప్రతిపాదనలలో ఒకటి ఆ నోటీసును తీసి వేరే లైసెన్సు పెట్టబోయింది. పెద్ద దుమారం చెలరేగింది. ప్రోగ్రాము తీసుకొన్నందుకు ఎవరూ కోపగించుకోలేదు. అందుకు అనుమతి ముందే ఉన్నది. కోపమంతా నోటీసు గురించే. న్యాయవాదులు కూడా కలుగజేసుకొన్న తరువాత, 2008లో లినక్స్‌లో చేరిన ఆ ప్రోగ్రాము మొదటి రచయిత పేరుతో, అతని షరతులతోనే చేరింది. తాటాకు గ్రంథంలో గద్యం గీకివేయబోతే పండితులు చెయ్యి పట్టుకొన్నట్లయింది.

రెండవది దీనికి విపర్యయం. తెరమీద కిటికీలను చూపించే ఎక్స్‌ఫ్రీ86 అనే ప్రోగ్రామును దాదాపు ఉచిత వ్యవస్థలన్నీ వాడేవి. 2004 ఫిబ్రవరిలో దాని నాయకత్వం లైసెన్సు మార్చి, వాడేవారు తమ పత్రాలలో ఫలానావారి కృషి అని ప్రత్యేకంగా ప్రకటించాలని నిబంధన పెట్టింది. అప్పటికే లోపల కలహాలున్నాయి. పెద్ద వ్యవస్థలన్నీ ఆ కొత్త ప్రతిని కాదని, పాత లైసెన్సునుంచి చీలిన ఎక్స్‌ఆర్గ్ వైపు వెళ్లిపోయాయి. కొద్ది నెలలలోనే ఇల్లు ఖాళీ అయింది. ఇటువంటి షరతు చేసే చేటు అంతకుముందే తెలిసినదే. బర్కిలీ విశ్వవిద్యాలయం లైసెన్సులోనూ ప్రకటనలలో తమ పేరు చెప్పాలన్న క్లాజు ఉండేది. ఇతరులు దానిలో తమ పేర్లు పెట్టుకొంటూ పోగా, 1997 నాటి ఒక వ్యవస్థలో అటువంటి వాక్యాలు 75 ఉన్నాయని రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కపెట్టాడు. 1999లో విశ్వవిద్యాలయం ఆ క్లాజును రద్దుచేసింది. గద్యం ఆశ్వాసం చివర ఉంటేనే అందం. ప్రతి పద్యం నడుమా కవి తన వంశావళి చదివితే వినేవారు లేచిపోతారు.

మూడవది 2020 నాటిది, బలవంతునికీ ఒంటరివానికీ నడుమ జరిగినది. కెనడాలోని కీవన్ బేగీ అనే ప్రోగ్రామరు విండోస్ కోసం యాప్‌గెట్ అనే ప్యాకేజీ సాధనాన్ని తయారుచేసి, ఓపెన్ సోర్స్‌గా ఉంచాడు. 2019లో మైక్రోసాఫ్ట్ అధికారులు అతనిని పిలిచి మాట్లాడారు, ఉద్యోగం గురించి ముఖాముఖి జరిపారు. తరువాత నెలల తరబడి కబురు లేదు. 2020 మేలో ఆ సంస్థ వింగెట్ అనే తన సాధనాన్ని విడుదల చేసింది. అది పనిచేసే తీరు తన సాధనాన్ని ఎంతో పోలి ఉన్నదని బేగీ బహిరంగంగా వ్రాశాడు. ఓపెన్ సోర్స్ ఆలోచనను ఎవరైనా తీసుకోవచ్చునని అతనే ఒప్పుకొన్నాడు. తన కృషిని సరిగా చెప్పలేదన్నదే అతని బాధ. విమర్శలు వచ్చిన తరువాత మైక్రోసాఫ్ట్ ఏయే అంశాలలో యాప్‌గెట్‌నుంచి ప్రేరణ పొందిందో వివరంగా ప్రకటించింది. యాప్‌గెట్ మాత్రం మూతపడింది. మొదటి రోజునే వ్రాసి ఉంటే ఖర్చులేని వాక్యం అది. ఆలస్యమయ్యేసరికి అంత పెద్ద సంస్థకు అపకీర్తి తెచ్చిపెట్టింది.

చట్టం, ధర్మం

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. భారతదేశపు 1957 కాపీరైటు చట్టానికి 1984లో సవరణ చేసి కంప్యూటరు ప్రోగ్రాములను రచనల కోవలో చేర్చారు. కువైట్‌లో 1999 నాటి 64వ నంబరు చట్టం, ఇప్పుడు అమలులో ఉన్న 2019 నాటి 75వ నంబరు చట్టం ప్రోగ్రాములకు రక్షణ కల్పించాయి. రచన తనదని చెప్పుకొనే హక్కు రచయితకు ఉంటుందని రెండు దేశాల చట్టాలూ అంగీకరిస్తాయి.

అయితే ఉచితంగా పనిచేసే నిర్వాహకుడు న్యాయస్థానానికి వెళ్లటం అరుదు. అతనికి జీతం లేదు, వకీలుకు ఇవ్వటానికి డబ్బూ లేదు. అతనికి ముట్టే కూలి ఒక్కటే, పేరు. అది కూడా తీసివేస్తే రేపు పని చేయటానికి మిగిలేదేమిటి? నిర్వాహకులు విసిగి తప్పుకొంటే నష్టపోయేది వారు కాదు. వారి ప్యాకేజీమీద ఆధారపడిన మన ఫోన్లూ, మన పత్రికలూ, మన పిల్లల పాఠాలూ నష్టపోతాయి. లక్షల ప్రోగ్రాములను చదివి కొత్త ప్రోగ్రాములను తానే వ్రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ ఆందోళన ఇంకా పెరిగింది. తమ పేర్లూ, లైసెన్సులూ అందులో గల్లంతవుతున్నాయని కొందరు ప్రోగ్రామర్లు 2022 నవంబరులో అమెరికా న్యాయస్థానంలో వ్యాజ్యం వేశారు.

ఈ చరిత్రనుంచి మూడు నియమాలు తేలుతున్నాయి. తీసుకొన్నప్పుడు ఇచ్చినవారి పేరు ఉంచాలి. మార్చినప్పుడు మార్చినది తామేనని చెప్పాలి, లేకుంటే తమ తప్పులు కూడా మొదటివాని నెత్తిన పడతాయి. పేరు అడిగేటప్పుడు ఇచ్చేవారు మితం పాటించాలి. నూత్ షరతూ, డెబియన్ పత్రమూ, ఫాంట్ల లైసెన్సూ చెప్పేది ఇదే. తాటాకు మీద మన కవులు ఆచరించినదీ ఇదే.

మన ఇంటి గద్యం

కువైట్‌లో మనం ఎన్నో ఉత్సవాలు జరుపుకొంటాము. ఉగాదికి ఆహ్వానపత్రం అచ్చువేస్తాము, పిల్లలచేత పద్యాలు చెప్పిస్తాము, నాటకాలు వేయిస్తాము. ఆహ్వానపత్రంలోని ఫాంటు ఎవరిదో, పిల్లల పుస్తకంలోని బొమ్మ ఎవరు గీశారో, నాటకం ఎవరు వ్రాశారో చివరన ఒక్క పంక్తి వేయటానికి మనకు అయ్యే ఖర్చేమీ లేదు. చందాలిచ్చిన వ్యాపార సంస్థల పేర్లు పెద్ద అక్షరాలతో వేయటం ఉచితమే, అవసరమే. ఆ పెద్ద అక్షరాలను మనకు ఇచ్చినవారి పేరు చిన్న అక్షరాలతోనైనా ఉండాలి కదా!

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలలో చాలామంది ఇప్పటికే ప్రోగ్రాములు వ్రాస్తున్నారు. వారిలో ఎవరో ఒకరు రేపు మరొక లేఖినినో, మరొక పోతననో తయారుచేయవచ్చు. బడి పనికోసం ఎవరి ప్రోగ్రామునైనా తెచ్చుకొన్నప్పుడు దానిలోని కర్త పేరును తీసివేయవద్దని వారికి చెప్పవలసినది మనమే. నన్నయ ప్రభువు పేరును అలాగే నిలబెట్టిన ఎఱ్ఱన కథ అందుకు చక్కగా పనికివస్తుంది. అది చెబితే తెలుగూ చెప్పినట్లవుతుంది, ధర్మమూ చెప్పినట్లవుతుంది.